మా కొండ కింద వేసవి జూన్‌తో ముగియదు

జూన్ మొదటి వారం దాటిందంటే మన రాష్ట్రంలో వేసవి గురించిన మాటలు సద్దుమణుగుతాయి. నైరుతి రుతుపవనాలు రాయలసీమను తాకాయని, మరి రెండు మూడు రోజుల్లో రాష్ట్రమంతా విస్తరిస్తాయని వార్తలు వస్తాయి, చలివేంద్రాల పందిళ్లు విప్పేస్తారు, బడులు తెరుస్తారు, కార్యాలయాల్లో వేసవి ప్రణాళికల ఫైళ్లు కట్టేసి ఖరీఫ్ ఫైళ్లు విప్పుతారు. నెల్లూరు జిల్లా ఉదయగిరికి పడమరగా, వెలిగొండల పాదాన ఉన్న మా ఇంట్లో మాత్రం అప్పటికి వేసవి సగం కూడా గడిచి ఉండదు. మార్చిలో మొదలైన ఎండాకాలం మాకు సెప్టెంబరు చివరిదాకా, కొన్నేళ్లలో అక్టోబరు మూడో వారం దాకా సాగుతుంది. మా మెట్ట మండలాల వేసవి ఏడు నెలలదని, నాలుగు నెలల వేసవికి సరిపడా కత్తిరించిన ఏర్పాట్లతో మిగిలిన మూడు నెలలూ మమ్మల్ని మా మానాన వదిలేయడం అన్యాయమని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

వానల లెక్క చూస్తే ఈ మాటలో అతిశయోక్తి లేదని ఎవరికైనా తెలుస్తుంది. నెల్లూరు జిల్లా వార్షిక సగటు వర్షపాతం సుమారు 1080 మిల్లీమీటర్లు. అందులో 60 శాతం దాకా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే, ఈశాన్య రుతుపవనాల వల్లా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వల్లా కురుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లో పడేది మొత్తంలో మూడో వంతుకు మించదు. ఆ మూడో వంతైనా నిలకడగా పడదు. ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో వచ్చి, ఒక ఊరిని తడిపి, పక్క ఊరిని పొడిగా వదిలేసి పోతుంది. పైగా జిల్లా సగటులో తీరప్రాంతపు వానలూ కలిసి ఉంటాయి కనుక, సముద్రానికి దూరంగా కొండల అంచున ఉన్న సీతారామపురం, ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు వంటి మండలాలకు దక్కేది ఆ సగటు కన్నా తక్కువే.

నేను పుట్టి పెరిగింది కోవూరు వైపు, పెన్న కాలువ కింద. అక్కడ మే నెలలో కూడా మధ్యాహ్నం మూడు దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి మళ్లుతుంది. ఒళ్లు జిడ్డు కట్టినా ఊపిరి ఆడుతుంది. పెళ్లయి ఈ కొండ పక్కకు వచ్చాక నాకు పడమటి గాలి అంటే ఏమిటో తెలిసింది. మే చివరి నుంచి ఆగస్టు దాకా దేశం మీద వీచే రుతుపవనపు గాలి తన తడినంతా పడమటి కనుమల అవతలే దించేసి, దక్కను పీఠభూమి మీద ఎండి, కడప దాటి, వెలిగొండలెక్కి మా వైపు దిగుతుంది. అలా కొండ దిగే పొడిగాలి ప్రతి 100 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. అది బలంగా వీచిన రోజున సముద్రపు గాలి నెల్లూరు పట్నం దాటి లోపలికి రానే రాదు. కొన్ని రోజులు పట్నానికీ అందదు. రాష్ట్రంలో మిగిలిన చోట్ల రుతుపవనం వచ్చిందని సంతోషించే రోజుల్లో మాకు వచ్చేది ఆ రుతుపవనపు ఎండిన అంచు. మబ్బులు పడమర నుంచి వస్తాయి, మా నెత్తి మీదుగానే తూర్పుకు పోతాయి, చినుకు రాలదు. జూన్‌లో మబ్బు పట్టినప్పుడు నేను ఆశగా ఆకాశం చూస్తుంటే మా అత్తమ్మ "గాలి మళ్లే దాకా వాన మాట ఎత్తబాకమ్మే" అంటుంది. గాలి మళ్లడమంటే ఈశాన్యానికి మళ్లడం. అది మహాలయ అమావాస్య దాటాక, ఒక్కోసారి దీపావళి దగ్గరపడ్డాక జరిగే పని.

కొండ పక్కన ఇల్లు అనగానే బంధువులకూ స్నేహితులకూ చల్లదనం గుర్తుకు వస్తుంది. వేసవి సెలవులకు పిల్లల్ని మీ ఇంటికి పంపుతామని హైదరాబాదు నుంచి ఫోను చేసేవాళ్లు ఉన్నారు. వాళ్ల మనసులో ఉన్నది హార్స్‌లీ కొండలు. అక్కడ ఇళ్లు కొండ మీద, 1200 మీటర్లకు పైన ఉన్నాయి. మా ఇల్లు కొండ కింద ఉంది. ఉదయగిరి దుర్గం ఎత్తు మూడు వేల అడుగుల పైచిలుకు. దాని శిఖరం మీద కింద కన్నా ఐదారు డిగ్రీల వేడి తగ్గుతుందన్నది నిజమే గాని, ఆ శిఖరం మీద కాపురాలు లేవు. కింద ఉన్నవాళ్లకు పడమటి కొండ చేసే మేలు ఒకటే: సాయంత్రం ఎండను కాస్త ముందుగా కప్పేస్తుంది. అందుకు బదులుగా పగలంతా కాగిన బండ రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

ఆ దుర్గం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. గజపతుల ఏలుబడిలో ఉన్న ఉదయగిరి కోటను పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు ఏడాదిన్నర పట్టింది; 1514లో గాని కోట లొంగలేదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకుపోయి గుడి కట్టించిన సంగతి అందరికీ తెలిసిందే. ఏడాదిన్నర ముట్టడి అంటే కనీసం ఒక నిండు వేసవి అందులో ఉండి తీరాలి. వానాకాలపు నీటిని కొండ మీదే నిలబెట్టుకునే ఏర్పాటు లేకుండా అంతమంది సైనికులూ గుర్రాలూ అంతకాలం అక్కడ బతికే వీలు లేదు. కోట మీద కోనేర్లు తవ్వించినవాళ్లు ఎవరైనా, వాళ్లకు ఈ నేల మీద వాన ఎప్పుడు వస్తుందో, వచ్చిన నీళ్లు ఎన్నాళ్లు సరిపోవాలో తెలుసు. మన ప్రణాళికలకు ఆ జ్ఞానం అందలేదన్నదే నా బాధ.

ఇక ఇంటి సంగతి. మార్చి నుంచి మే చివరి దాకా ఉండే ఎండ తీవ్రమైనదే. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మా వాకిట్లో నిలబడితే అర్థమవుతుంది. అయినా ఆ మూడు నెలలు మమ్మల్ని అంతగా కుంగదీయవు. ఎందుకంటే ఆ కాలానికి ఇల్లు సిద్ధంగా ఉంటుంది. మాది తూర్పు ముఖం ఇల్లు. రాతిగోడల మీద బండలు పరిచి, పైన మట్టి దట్టించిన పాత మిద్దె. ముందు తాటాకు పందిరి. పక్కన బోదగడ్డి కప్పిన గొడ్ల కొట్టం. పడమటి గోడకు కిటికీలు లేవు, గాలి రంధ్రాలు తప్ప. దాని పక్కనే పదేళ్ల కిందట వేసిన సిమెంటు స్లాబు గది ఒకటి ఉంది. మధ్యాహ్నం ఆ గదిలోకి మేము ఎవరమూ పోము. రాత్రి పదకొండు దాకా కూడా దాని కప్పు కింద పడుకోలేము. మట్టి మిద్దె వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది, ఆ లోపల పొద్దు గూకుతుంది. ఈ ఊళ్లో ఇప్పుడు కట్టే ఇళ్లన్నీ స్లాబు ఇళ్లే, ప్రభుత్వం మంజూరు చేసేవీ అవే నమూనా. ఏడు నెలల ఎండ ఉండే చోట కప్పు గురించి వేరుగా ఆలోచించాల్సింది, ఆలోచించలేదు. ఆ చర్చను ఇంకోసారికి వదిలేస్తాను.

వేసవిలో మా రోజు తెల్లవారుజామున నాలుగుకే మొదలవుతుంది. ఎనిమిది లోపల వంట ముగించి పొయ్యి ఆర్పేస్తాం. రాగి సంగటి, చింతచిగురు పప్పు లేదా మామిడికాయ పప్పు, రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టిన చద్ది, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. పది దాటాక బయటి పని లేదు. జీవాలను తోలుకుపోయేవాళ్లు ఆ పొద్దుకు కొండ నీడన చేరిపోతారు. మధ్యాహ్నమంతా పందిరి కింద చింతపండు కొట్టి పిక్కలు తీయడం, వడియాలు ఎత్తడం, ఆవకాయకు కారం దంచడం. కొండ నుంచి దిగే యానాది ఆడవాళ్లు ఏప్రిల్‌లో పాలపండ్లూ తునికి పండ్లూ, మేలో కలివి పండ్లూ ఈతపండ్లూ గంపల్లో తెస్తారు. సుగంధి వేర్లు తెస్తే కడిగి ఎండబెట్టి, చితక్కొట్టి, కషాయం కాచి, బెల్లప్పాకంలో కలిపి సీసాలకు పోసుకుంటాం. ఉదయగిరిలో చెక్క గరిటెలూ చెంచాలూ చేసే కుటుంబాలకు కూడా ఈ కాలంలో పని ఆగదు. నర్ది వంటి చెక్కలు తెచ్చి నీడన కూర్చుని చెక్కుకుంటారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తోంది. మెట్ట ప్రాంతంలో వానతో నిమిత్తం లేకుండా నీడలో కూర్చుని చేయగల పనులు ఎంత అవసరమో ఆ ఇళ్లను చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో నీళ్లు ఎలా తిరుగుతాయో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా చివరికి అక్కడికే వస్తుంది. వసారా ఈశాన్య మూలలో ఇసుక పోసి, దాని మీద రెండు కుండలు పెడతాం. ఒకటి తాగే నీళ్లకు, ఒకటి మజ్జిగకు. పొద్దున ఇసుక తడిపి, కుండ చుట్టూ తడి గుడ్డ చుడితే, పొడిగాలికి తడి ఆరేకొద్దీ లోపలి నీళ్లు చల్లబడతాయి. మనిషిని వేధించే పడమటి గాలి కుండకు మాత్రం మేలు చేస్తుంది. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు కుడితి తొట్టికి పోతాయి. గిన్నెలు బూడిదతో తోమి, మొదటి కడుగు నీళ్లు కరివేపాకు పాదుకు, రెండో కడుగు నీళ్లు పేడ కలపడానికి వాడతాం. స్నానానికి మాకు గదిలేని కాలం నుంచీ ఒక బండ ఉంది. మా అత్తమ్మ ఏప్రిల్‌లో దాన్ని నిమ్మచెట్టు పాదు అంచున వేయిస్తుంది. పదిహేను రోజులకు దానిమ్మ దగ్గరికి, ఆ తర్వాత మునగ దగ్గరికి, మళ్లీ నిమ్మ దగ్గరికి జరిపిస్తుంది. అలా ఇంటిల్లిపాదీ స్నానం చేసిన నీళ్లు వంతులవారీగా చెట్లకు అందుతాయి. సబ్బు నీళ్లు చెట్టుకు మంచివి కావని పిల్లలు అన్నప్పుడు ఆమె సున్నిపిండి తీసి ఇచ్చింది. ఒక బిందె నీటితో మూడు పనులు జరిగే ఈ క్రమం ఎవరో రాసిపెట్టింది కాదు. నీళ్లు మోసిన మెడలూ నడుములూ నేర్పింది.

ఇంత జాగ్రత్త పడినా ఆ సిద్ధబాటు మూడు నెలలకే సరిపోతుంది. జూన్ వచ్చేసరికి ఇంట్లో అన్నీ అడుగుకు చేరతాయి. డెల్టా కోతలప్పుడు లారీల్లో తెప్పించి వేసుకున్న వరిగడ్డి వామి నడుముకు దిగుతుంది. మినుము, శనగ, పొగాకు అమ్మిన డబ్బులు అప్పులకూ, పెళ్లిళ్లకూ, బడి ఫీజులకూ పోయి ఉంటాయి. చెరువు మార్చిలోనే ఎండి ఉంటుంది. బావిలో ఊట బిందె మునగనంతగా తగ్గుతుంది. బోరు మోటారు వేస్తే ముందు గాలి, తర్వాత ఎర్రనీళ్లు, కాసేపటికి మళ్లీ గాలి. చుట్టుపక్కల బత్తాయి తోటలున్నవాళ్లు పెరిగిన చెట్లను చంపుకోలేక ట్యాంకర్లతో నీళ్లు కొని పోస్తారు. అదీ చేతకానివాళ్లు నరికి కట్టెలకు అమ్ముకుంటారు. పళ్లు కాసే చెట్టును గొడ్డలితో కొట్టే రోజున ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అడవిలో నీటి గుంటలు ఎండి కోతులు ఇళ్ల మీద పడతాయి; చెదపుట్టలు తవ్వుకునే ఎలుగుబంట్లు నీళ్లకోసం చీకటిపడ్డాక పొలాల్లోకి దిగుతాయి. కనుక ఉక్క భరించలేక ఆరుబయట మంచం వేసుకోవడానికి కూడా భయమే.

లోతుకు పోయేకొద్దీ నీళ్ల గుణమూ మారుతుంది. ఈ మెట్ట భూముల్లో ఫ్లోరైడు కొత్త సంగతి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న నాటి నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే ప్రపంచానికి చెప్పారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న హద్దు దాటిన నీళ్లు తాగలేక, ఇప్పుడు ప్రతి ఇల్లూ 20 లీటర్ల క్యాను కొంటోంది. మార్చి నుంచి జూన్ దాకా క్యాన్ల ఖర్చు ఇల్లు ఎలాగో సర్దుకుంటుంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చేతిలో పైసా ఆడని కాలంలో అదే ఖర్చు ఇంకా పెరుగుతుంది. అప్పుడు పెద్దవాళ్లు పిల్లలకు క్యాను నీళ్లు పోసి తాము బోరు నీళ్లు తాగుతారు.

సరిగ్గా ఈ నెలల్లోనే సాయాలన్నీ ఆగిపోతాయి. ట్యాంకర్లతో నీళ్లు తోలడానికి అనుమతి వేసవి ప్రణాళికతోపాటే ముగుస్తుంది. జూలైలో అడిగితే, వర్షాకాలం వచ్చింది కదమ్మా అన్న జవాబు వస్తుంది. ఆ జవాబిచ్చిన ఉద్యోగిని నేను తప్పుపట్టను. ఆయన చేతిలో ఉన్న కాగితం మీద వేసవికి ఒక గడువు రాసి ఉంది, మా బావికి మాత్రం ఆ గడువు తెలియదు. మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది జలజీవన్ మిషన్ పెట్టుకున్న ప్రమాణం. ఈ కొండ పక్క ఊళ్లలో ఇల్లంటే మనుషులొక్కరే కాదు. పాలిచ్చే గేదె ఎండాకాలంలో రోజుకు 60 లీటర్లకు తగ్గకుండా తాగుతుంది. మెట్ట కుటుంబాల చేతిలో ఆస్తి అని చెప్పుకోదగినవి ఆ గేదె, ఓ పది నెల్లూరు జోడిపి జాతి గొర్రెలు. మనిషి లెక్కన వచ్చే నీళ్లలో వాటి వాటా లేదు. కనుక ఇంటివాళ్ల వాటా కోసి వాటికి పోస్తారు. ఆ కోత మొదట పడేది ఆడవాళ్ల స్నానం మీద.

బడుల సంగతీ ఇంతే. ఒంటిపూట బడులు మార్చి మధ్యలో మొదలై, ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చి, జూన్ 12న తెరిస్తే రెండుపూటలూ నడుపుతారు. మా వైపు జూన్, జూలై మధ్యాహ్నాలు మార్చి మధ్యాహ్నాల కన్నా వేడిగా ఉంటాయి. మార్చిలో పిల్లల్ని పన్నెండున్నరకు ఇంటికి పంపిన బడి, జూలైలో అంతకన్నా వేడి ఎక్కువున్న రోజున నాలుగు దాకా కూర్చోబెడుతుంది. ఈ నియమం మార్చరానిదేమీ కాదు. 2023 జూన్‌లో ఎండలు తగ్గలేదని రాష్ట్రమంతటా 24వ తేదీ దాకా ఒంటిపూట బడులే నడిపారు. రాష్ట్రానికంతటికీ ఎండ తగిలినప్పుడు కదిలిన నియమం, నాలుగు మండలాలకే తగిలినప్పుడు కూడా కదలాలి.

ఉపాధి పనుల దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పనులు జోరుగా పెట్టి, జూలై నుంచి తగ్గించడం ఆనవాయితీ. అప్పటికి పొలం పనులు మొదలవుతాయని, కూలీల కొరత రాకూడదని దాని వెనక ఉద్దేశం. గోదావరి, కృష్ణా జిల్లాలకు అది సబబే. మా దగ్గర జూలై, ఆగస్టులలో పొలాల్లో పని ఉండదు. నాలుగు చినుకులు పడితే కందీ ఆముదమూ విత్తేవాళ్లు ఉన్నారు గాని, అసలు వ్యవసాయం అక్టోబరు వానలతోనే మొదలవుతుంది. అంటే 44 డిగ్రీల ఎండలో మట్టి తవ్వమని ఏప్రిల్, మే నెలల్లో పిలిచి, పొలం పని లేక, చేతిలో డబ్బు లేక, పని కోసం ఎదురుచూసే నెలల్లో పిలవడం మానేస్తున్నారు. ఆ నెలల్లోనే మా ఊళ్ల నుంచి మగవాళ్లు చెన్నైకీ, బెంగళూరుకూ, హైదరాబాదుకూ కూలికి పోతారు. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు, బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు మిగులుతారు. చెరువు పూడిక తీయడానికీ, చెరువుకు వాన నీళ్లు తెచ్చే వరవ కాలువలు బాగు చేయడానికీ అంతకన్నా అనువైన కాలం మాకు ఇంకొకటి లేదు: చెరువు సెప్టెంబరు దాకా ఎండే ఉంటుంది, అక్టోబరులో నిండడానికి సిద్ధంగా ఉండాలి.

రాష్ట్రమంతటికీ ఒకే కాలపట్టిక ఉండాలి, మండలానికొకటి నడపడం సాధ్యం కాదని అనేవాళ్లకు నా జవాబు మా పుట్టింటి వైపు నుంచే ఉంది. నెల్లూరు జిల్లా వరి విషయంలో ఎప్పటి నుంచో తన సొంత కాలపట్టికనే నడుపుకుంటోంది. మిగిలిన కోస్తాలో నాట్లు జూలై, ఆగస్టులలో పడితే, పెన్న డెల్టాలో పెద్దపంట నాట్లు ఈశాన్య వానల కాలంలో పడతాయి; ఆ తర్వాత సోమశిల జలాశయంలో నీళ్లు మిగిలితే ఎండాకాలంలో ఎడగారు అనే రెండో పంట వేస్తారు. ఎడగారుకు ఎన్ని ఎకరాలకు నీళ్లివ్వాలో జిల్లా నీటి సలహామండలి ఏటా కూర్చుని తేలుస్తుంది. మంత్రులూ శాసనసభ్యులూ అధికారులూ ఆ సమావేశానికి వస్తారు. ఈ జిల్లాకు వాన అక్టోబరులో వస్తుందన్న సత్యాన్ని వరి పొలం విషయంలో అందరూ ఒప్పుకున్నారు. అదే సత్యాన్ని మెట్ట ఇంటి మంచినీళ్ల విషయంలో ఒప్పుకోకపోవడానికి పాలనాపరమైన కారణమేదీ నాకు కనిపించదు. డెల్టా రైతు గొంతు సమావేశం దాకా వెళ్తుంది, కొండ పక్క ఇంటి ఇల్లాలి గొంతు వెళ్లదు. తేడా అక్కడే ఉంది. డెల్టాలో పుట్టి మెట్టలో కాపురం చేస్తున్నదాన్ని కనుక ఈ మాట ఎవరి మీదా అక్కసుతో అనడం లేదు. సోమశిల నీళ్లు తాగే పెరిగాను.

కొన్నేళ్లలో నైరుతి వానలు మా దగ్గర కూడా బాగా పడతాయన్నది నిజం. అలాంటి ఏడాది ట్యాంకర్లు తోలడం వృథా అనే అభ్యంతరం న్యాయమైనదే. అందుకే నేను ఒక తేదీ స్థానంలో ఇంకో తేదీ పెట్టమని అడగడం లేదు. మండలాలవారీగా వర్షపాతం ప్రతిరోజూ నమోదవుతోంది. భూగర్భ జలాల మట్టం కొలవడానికి ఫీజోమీటర్లు ఉన్నాయి. నీటిమట్టం ఇంత లోతుకు పోతే ట్యాంకరు రావాలి, ఇంత పైకి వస్తే ఆగాలి అని రాసుకుంటే చాలు. వాన పడిన ఏడాది జూలైలోనే ఆగుతుంది, పడని ఏడాది అక్టోబరు దాకా నడుస్తుంది.

ఇంకొక అభ్యంతరం పెద్ద ప్రాజెక్టుల పేరుతో వస్తుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తే మీ కష్టాలన్నీ తీరుతాయి కదా అంటారు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరద నీటిని నల్లమల కొండల కిందుగా 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా తెచ్చి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల కరువు నేలకు ఇవ్వాలన్న ఆ పథకాన్ని నేను మనసారా కోరుకుంటున్నాను. కానీ 1996లో శంకుస్థాపన జరిగితే, రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. శంకుస్థాపన నాటికి పెళ్లి కాని ఆడపిల్లలు ఇప్పుడు మనవళ్లకు ఇదే బావి నీళ్లు తోడుతున్నారు. పెద్ద కాలువ వచ్చేదాకా చిన్న చెరువును పట్టించుకోనక్కరలేదన్న ఆలోచనే మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది. మాకు వాన లేకపోలేదు. అది రెండు మూడు నెలల్లో, నాలుగైదు వాయుగుండాలలో, ఒక్కసారిగా వచ్చి పోతుంది. 2021 నవంబరు వానలకు కొండవాగులన్నీ పొంగి దారులు తెగిపోయాయి. పెన్నకు వచ్చిన వరద ఒడ్డు ఊళ్లను ముంచి సముద్రంలో కలిసింది. ఆ నీటిలో పిసరంతైనా కొండ కిందే ఇంకించుకోగలిగితే జూలై నెలలో మా బావికి ఊట ఉంటుంది. దానికి కావలసింది వాగుల మీద చెక్‌డ్యాములు, కొండ వాలున కందకాలు, పూడిక తీసిన చెరువు, ముళ్లకంప తొలగించిన వరవ కాలువ.

మా వాళ్లు అలవాటు పడ్డారు కదా అనే మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. అలవాటు పడటమంటే ఏమిటో మా ఇంట్లోనే చూస్తున్నాను. డెబ్భై దాటిన మా అత్తమ్మ ఆగస్టులో దాహం వేసినా సగం గ్లాసుతో ఆపేస్తుంది. పొద్దున్నే మరుగుకు వెళ్లాల్సిన అవసరం తగ్గాలని రాత్రి నీళ్లు మానేస్తుంది. మూత్రంలో మంట అని చెప్పుకోవడానికి సిగ్గుపడి, చెప్పేసరికి జ్వరం వస్తుంది. ఆసుపత్రికి ఉదయగిరికో, కాకపోతే ఆత్మకూరుకో పోవాలి. స్నానపు బండను చెట్టు నుంచి చెట్టుకు జరిపించే తెలివి ఆమెది; దాన్ని నేను గౌరవిస్తాను, నేర్చుకున్నాను, నా కూతురికి నేర్పుతాను. కానీ ఆ తెలివిని చూసి, వీళ్లు ఎలాగో బతికేస్తారులే అని చేతులు దులుపుకోవడాన్ని మాత్రం ఒప్పుకోను. నీళ్లను మూడుసార్లు వాడగలిగిన ఇంటికి నాలుగోసారి వాడమని చెప్పడం పరిపాలన కాదు.

ఆగస్టు 15న మా పంచాయతీలో జరిగే గ్రామసభలో నేను మూడు విషయాలు తీర్మానంలో రాయించాలనుకుంటున్నాను. ట్యాంకరు నీటిమట్టాన్ని బట్టి ఆగాలి, తేదీని బట్టి కాదు. జూన్, జూలై నెలల్లో ఎండ హద్దు దాటిన రోజున బడి ఒంటిపూటే నడిపే అధికారం మండలానికి ఉండాలి. ఉపాధి పనుల్లో పెద్ద భాగం జూలై నుంచి సెప్టెంబరు దాకా, పొద్దున్నే ముగిసే వేళల్లో, చెరువు మీదా వరవ కాలువ మీదా పెట్టాలి. వరికుంటపాడు, దుత్తలూరు, కొండాపురం వాళ్లూ, మాకు ఉత్తరాన ఉన్న పామూరు, చంద్రశేఖరపురం వాళ్లూ ఇదే కాలంలో ఇదే కష్టం పడుతున్నారు. మీ మండలంలో నెలవారీగా ఎంత వాన పడిందో, మీ బావి ఏ నెలలో అడుగంటిందో, మీ ఊరికి ట్యాంకరు ఏ తేదీన ఆగిందో మూడు వరుసల్లో రాసి మీ గ్రామసభకు పట్టుకెళ్లండి. ఆ కాగితాలు ఐదారు మండలాల నుంచి ఒకేసారి కలెక్టరు కార్యాలయానికి చేరితే, జూలైలో వర్షాకాలం వచ్చింది కదమ్మా అనే జవాబు చెప్పడం ఆ కార్యాలయానికి కష్టమవుతుంది.